టూల్‌బాక్సులో పుస్తకం

సుబ్బలక్ష్మికి కొలతంటే భయం. అది పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. తాడేపల్లిగూడెం మార్కెట్ వీధిలో వాళ్ల నాన్నకి కిరాణా కొట్టుండేది. ఆయన తూకంలో ఏనాడూ గింజ తగ్గించలేదు. పైగా పొట్లం కట్టేముందు ఓ గుప్పెడు కొసరు వేసేవాడు. అయినా తూనికల ఇన్‌స్పెక్టరు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, చొక్కా తడిసిపోయేది.

"మనం తప్పు చెయ్యలేదు కదా నాన్నా?" అని కూతురడిగితే, "మనం చెయ్యమే, కాటా చేస్తుంది" అనేవాడు.

కొట్టు పోయింది, నాన్న పోయాడు, చెమట మాత్రం కూతురికి మిగిలింది. ఆ ఊళ్లోనే ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె లైబ్రేరియన్. కాంట్రాక్టు ఉద్యోగం. లైబ్రరీ గుమ్మం మీద ఎవరో 'సరస్వతీ నిలయం' అని రాయించారు. రాయించినవాళ్లు లోపల ఫ్యాను తిరుగుతోందో లేదో చూసిన పాపాన పోలేదు.

ఈ మధ్య ఏలూరు చుట్టుపక్కల కాలేజీల లైబ్రరీలన్నీ కలిసి ఒక ఉమ్మడి డేటాబేస్ పెట్టుకున్నాయి. ఎవరి భుజం వాళ్లు తట్టుకునే వార్షిక నివేదికలు ఇక చాలనీ, అందరూ ఒకేచోట ఒకే రకం అంకెలు నింపితే ఎవరికేం తక్కువో తెలుస్తుందనీ ఆలోచన. దీనికి పూనుకున్నది ఏలూరు లైబ్రేరియన్ నాగవల్లి. ఆలోచన మంచిదే. చిక్కల్లా, అంకె కనబడగానే దాన్ని పట్టుకుపోయేవాళ్లు వేరే ఉంటారు.

ప్రిన్సిపాల్ ఈశ్వరప్రసాద్ ముందే పట్టుకున్నాడు.

"సుబ్బలక్ష్మిగారూ, ప్లేస్‌మెంట్ సెల్‌కి గది కావాలమ్మా. ఏలూరు మీటింగులో మనవాళ్లు పుస్తకాలు ఎంత వాడుతున్నారో తేలిపోద్ది కదా. బాగా వాడుతుంటే సరే. లేదంటే ఆ రీడింగ్ రూమ్ ఇచ్చేద్దాం. మీకేం, ఆఫీసులో ఓ కుర్చీ వేయిస్తాను."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ అంకె ఎంత వస్తుందో ఆమెకి తెలుసు. ఎందుకు తక్కువొస్తుందో కూడా తెలుసు. ఆ రెండోది బయటపడితే ఇంకా ప్రమాదం.

కాలేజీ బస్సొకటి కైకలూరు నుంచి ఆకివీడు, గణపవరం మీదుగా వస్తుంది. కొల్లేటికోట పిల్లలు ఆటోల్లో చేపల ట్రేల మధ్య కూర్చుని కైకలూరు చేరి ఆ బస్సెక్కుతారు. స్నేహలత అనే అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాదిలో తీసుకెళ్లిన ఆక్వాకల్చర్ పుస్తకం ఆ ట్రేల నీళ్లకి తడిసి ఉబ్బిపోయి వచ్చింది. ఆ దెబ్బకి భయపడి కొల్లేటివైపు పిల్లలంతా పుస్తకం ముట్టుకోవడం మానేశారు. అప్పుడు డ్రైవర్ ఏసోబు కౌంటర్ దగ్గరకొచ్చాడు.

"మేడమ్‌గారండీ, పుస్తకం బస్సు దిగకపోతే తడవదు కదండీ? నా టూల్‌బాక్సులో పెట్టుకుంటానండి. జాకీ ఉంది, స్పానర్లున్నాయి, అదీ ఉంటది."

"కార్డు ఎవరి పేరు మీద రాయను ఏసోబూ? చేయి మార్చకూడదని రూలు."

"ఆయ్, చేతులు మారదండి. చెవులు మారుద్దంతే! ఒక పిల్ల చదువుద్ది, బస్సంతా వింటది."

అతను చెప్పింది నిజమే. బస్సు కుదుపుల్లో పుస్తకంలోకో ఫోన్లోకో చూస్తే మిగతావాళ్లకి వాంతులు. స్నేహలతది రాయి కడుపు. ఆమె పైకి చదివితే బస్సంతా వినేది. రొయ్యకి తెల్లమచ్చ తెగులు దగ్గర ఆపితే, "ఆపకే తల్లీ, మా చెరువు సంగతే అది" అని వెనక సీట్లోంచి కేక. మేత సంచీలో చుట్టిన ఆ పుస్తకం ఇక బస్సు దిగలేదు. గడువు తీరినప్పుడల్లా, పుస్తకం కళ్లారా చూశాకే రాయాలన్న రూలు పక్కనబెట్టి, సుబ్బలక్ష్మి దాన్ని చూడకుండానే మళ్లీ స్నేహలత పేరు మీద రాసేసేది. క్రమంగా మిగతా రూట్ల బస్సుల్లోకీ ఇదే పద్ధతి పాకింది.

డేటాబేస్‌కి ఇవన్నీ తెలియవు. దాని దృష్టిలో, బస్సెడు మంది వినే పుస్తకం ఒక్కరు తీసుకుని తిరిగివ్వని పుస్తకం.

అంకెలు నింపేరోజు ఆమె వేళ్లు కీబోర్డు మీద చాలాసేపు ఆగిపోయాయి. కాస్త కొసరు వేస్తే? ఎవరు చూడొచ్చారు? వెయ్యలేదు. నిజాయితీ అని మెచ్చుకోనక్కర్లేదు. అబద్ధం రాయడానికి కూడా కొంత ధైర్యం కావాలి. ఆమెకి అది లేదు.

ఏలూరు మీటింగులో తెర మీద పట్టిక పడింది. అట్టడుగున వాళ్ల కాలేజీ. సుబ్బలక్ష్మి తల వంచుకుని తన కాగితాలు సర్దుకుంది. పక్కనే ఈశ్వరప్రసాద్ కాలు మీద కాలు వేసుకుని ప్రశాంతంగా కూర్చున్నాడు. నాగవల్లి మర్యాదగానే అడిగింది.

"ఏవండీ సుబ్బలక్ష్మిగారూ, మీ దగ్గర బయటికెళ్లిన పుస్తకాలు అసలు తిరిగిరావట్లేదేంటండీ?"

"వియ్యాలవారింటికి పంపారేమో!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఆమె లేచి నిలబడింది. టేబుల్ అంచు పట్టుకుని బస్సు సంగతి చెప్పేసింది. టూల్‌బాక్సు, మేత సంచీ, స్నేహలత గొంతు, అన్నీ. నవ్వు ఆగిపోయింది. నాగవల్లి తెరవైపు చూసి, "దీనికి మన దగ్గర కాలమ్ లేదే" అంది. అంతలో భోజనాల పిలుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో కారు ఊరు దాటాక ఈశ్వరప్రసాద్ నోరు తెరిచాడు.

"మంచిమాట చెప్పారమ్మా. పిల్లలు బస్సులోనే చదివేసుకుంటుంటే ఇంక గదెందుకండీ?"

 గదిని కాపాడుకోడానికి చెప్పిన మాటే గదికి తాళమైంది.

"వానలకి కొల్లేరు రోడ్డెక్కితే ఇళ్లకి వెళ్లలేరు సార్. ఇక్కడ చుట్టాలిళ్లలో ఉండిపోతారు. ఆ ఇరుకిళ్లల్లో చదువుకోడానికి చోటుండదు. పొద్దస్తమానం ఆ గదిలోనే..."

"అది కూడా డేటాబేస్‌లో లేదు కదమ్మా."

మర్నాడు వడ్రంగి వచ్చి రీడింగ్ రూమ్ గోడల మధ్య టేపు లాగుతుంటే, ఆ ఇనప నాలిక సర్రుమని లోపలికి పోయినప్పుడల్లా సుబ్బలక్ష్మి ఉలిక్కిపడింది. కౌంటర్ కంప్యూటర్లో డేటాబేస్ తెరిచింది. పట్టిక కింద గమనికల పెట్టె ఖాళీగా ఉంది. అందులో ఏం రాసినా అన్ని కాలేజీలకీ కనబడుతుంది. రూలు తప్పానని సొంత పేరుతో పదిమందిలో ఒప్పుకోవడమే. కాంట్రాక్టు ఉద్యోగం ఊడడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయినా రాసింది. బస్సు పుస్తకాల సంగతి, వానల్లో గది సంగతి, చూడకుండా మళ్లీ మళ్లీ రాసిన గడువులకి పూచీ తనదేనని. సేవ్ నొక్కి, కళ్లు మూసుకుంది.

సాయంత్రానికి కింద ఒక వాక్యం చేరింది. కైకలూరు కాలేజీ నుంచి: 'మా పిల్లలు చెరువు కాపలా పాకలో ఉంచుతారు. మేమూ చూడకుండానే రెన్యూ చేస్తాం. చెప్పడానికి భయపడ్డాం.' దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. చివర నాగవల్లి రాసింది: 'కార్డులకెక్కని చదువుని లెక్కించే పద్ధతి తేలేదాకా ఈ అంకెతో ఏ లైబ్రరీనీ పోల్చవద్దు.'

వెంటనే ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపు. ఆ వరండా ఆమెకి ఎప్పుడూ అంత పొడుగు అనిపించలేదు.

"చూపించుకోడానికి ఓ అంకె లేకుండా చేశారమ్మా" అన్నాడు ఈశ్వరప్రసాద్. ఈసారి నవ్వలేదు. "కాలేజీ కమిటీకి ఏం చూపించి గది అడగమంటారు? గది సంగతి ఈ ఏడాదికి వదిలేస్తున్నాను. రూలు తప్పినందుకు మాత్రం సంజాయిషీ రాసివ్వండి. మీ కాంట్రాక్టు కమిటీ చేతిలో ఉందని మర్చిపోకండి."

వడ్రంగి టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. సుబ్బలక్ష్మి రీడింగ్ రూమ్‌లో ఓ మూల కూర్చుని సంజాయిషీ మొదలుపెట్టింది.  బయట చినుకులు పట్టాయి. ఏసోబు హారన్ కొడుతున్నాడు. స్నేహలత పరుగున వచ్చింది.

"మేడమ్, బస్సు పుస్తకం గడువైపోయిందండి. మళ్లీ రాస్తారా?"

సుబ్బలక్ష్మి కలం కింద పెట్టింది. గుమ్మం వైపు ఒకసారి, ప్రిన్సిపాల్ గది వైపు ఇంకోసారి చూసింది. అరచేతుల చెమట చీరకి తుడుచుకుని, కౌంటర్ దగ్గరకెళ్లి స్నేహలత కార్డు మీద కొత్త తేదీ ముద్ర వేసింది.