నేను వెక్కిరించిన దెయ్యం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కల క్లాసులు వీడియో తీయడం నా ఉద్యోగం. ఆదివారాలు మాత్రం పాత దెయ్యం సినిమాల గురించి నా యూట్యూబ్ ఛానల్‌లో సమీక్షలు చెప్పేదాన్ని. ఎప్పటికైనా నేనూ ఒక దెయ్యం సినిమా తీయాలని కోరిక. "ఎవరూ చూడని సినిమాలకి ఎవరూ వినని సమీక్షలు," అనేది అమ్మ.

ఒక సినిమా అంటే నాకు ప్రాణం. థియేటర్లో వారం కూడా ఆడలేదట గానీ, తర్వాత క్యాసెట్లలో చూసినవాళ్లకు పిచ్చి పట్టింది. అంత ఇష్టమైన సినిమానే నేను సమీక్షలో తెగ ఏడిపించాను. "ఈ దెయ్యం నడక చూడండి. పగబట్టినట్టు లేదు, బస్సు వెళ్లిపోతుందేమోనని కంగారుపడుతున్నట్టుంది," అన్నాను.

రెండు రోజులకి కింద ఒక కామెంట్ వచ్చింది. "ఆ దెయ్యం నేనే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ఎనక గల్లీల బ్లౌజులు కుడత. ఒకసారి రా."

అరడజను బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను. అరవై దాటిన మనిషి, మెడలో టేపు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. చేతిలో ఉన్న జాకెట్టుకి హుక్కులు కుట్టడం అయ్యేదాకా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు చెప్పింది నిజమే బిడ్డా," అంది చివరికి. "మా ఊరికి ఆఖరి బస్సు ఆరింటికి. డైరెక్టరేమో ఇంకో టేకు, ఇంకో టేకు అంటుండె. నాకు పగ యాడిది? బస్సున్నది."

"ఆరింటికా? అది అర్ధరాత్రి సీను కదండీ?"

"ఏంది అర్ధరాత్రి! పట్టపగలు కిటికీలకు నల్ల చద్దర్లు కట్టి తీసినం."

నేను బత్తాయిల వైపు చూస్తూ కూర్చున్నాను. నిజమైన చీకటిని ఇంత గొప్పగా పట్టుకున్న సినిమా మరొకటి లేదని అదే సమీక్షలో పొగిడాను మరి.

సిగ్గు విడిచి నా కోరిక చెప్పాను. పన్నెండు నిమిషాల సినిమా, ఎల్‌బీ నగర్‌లో మా ఫ్లాటే లొకేషన్, నటించడానికి ఎవరూ లేరు. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుంది.

"చేస్త. కానీ జాకెట్ నేనే కుట్టుకుంట. దెయ్యమైనంత మాత్రాన భుజాలు జారిపోవాల్నా?"

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటికీలకు మా దుప్పట్లన్నీ కట్టేశాం. లైటు పట్టుకునే పని అమ్మది. కెమెరా నాది. తలుపు చాటు నుంచి దెయ్యం వచ్చి, ఎదుటి మనిషిని ఊరికే చూడాలి. ఎదుటి మనిషి స్థానంలో అమ్మే నిలబడింది. మొదటి రెండు టేకుల్లో ఆవిడ కళ్లు పెద్దవి చేస్తే అమ్మకు నవ్వొచ్చింది.

మూడోసారి ఆవిడ ఏమీ చేయలేదు. అమ్మ మెడ దగ్గర మొదలుపెట్టి భుజం దాకా, భుజం నుంచి నడుం దాకా నింపాదిగా చూసింది. అమ్మ లైటుతో సహా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏవిటండీ ఆ చూపు!" అంది అమ్మ, నేను కట్ చెప్పకముందే.

"ఏం లేదమ్మా, కొలత చూస్తున్న. ముప్పై ఎనిమిది గదా?"

ఆ షాటే మా సినిమా అయింది. చూసినవాళ్లు కొద్దిమందే అయినా, ఆ చూపు దగ్గర భయపడ్డామని అందరూ రాశారు. దర్శకత్వం గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. కొంచెం బాధపడ్డాను.

రెండో సినిమాకి కథ రాసుకుని మళ్లీ ఆ గల్లీకి వెళ్తే, ఆవిడ జాకెట్ల గుట్ట చూపించింది.

"శ్రావణమాసం అయ్యేదాక నాకు జర కూడ తీరిక లేదు. మీ అమ్మను పెట్టుకోరాదు?"

ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతూ చెప్పాను. అమ్మ నవ్వలేదు. "జుట్టు విరబోసుకోవాలా, జడ ఉండొచ్చా?" అని అడిగింది.