లడ్డు పెట్టె వెనక గుమ్మంలోంచి

ఇవాళ పొద్దున్న హాలంతా పేషెంట్లతో నిండి ఉండగా నా గది తలుపు సందులోంచి నేతి వాసన వచ్చింది. నెయ్యి, ఏలకులు, కాస్త పచ్చకర్పూరం. బందరు లడ్డు. బందరులో పుట్టి పెరిగిన ముక్కుకి అది తెలియడానికి పెట్టె మూత తియ్యక్కర్లేదు. ఎవరింట్లోనో కోడలికి నెల తప్పినట్టుంది, ఆ సంతోషంలో మిఠాయి పట్టుకుని నేరుగా హాల్లోకి వచ్చేశారు. రాస్తున్న మందుల చీటీ వదిలేసి లేచాను. నేను గుమ్మం దాటేలోపే మా నర్సు మిఠాయి తెచ్చిన పెద్దాయన చేతిలోంచి సంచీ అందుకుని, "అటు కాదు బాబాయిగారూ, ఇటు రండి, వెనక నుంచి" అంటూ పెరటి వైపు నడిపిస్తోంది. గుడివాడలో నేను ఆస్పత్రి పెట్టి చాలా ఏళ్ళయింది. చేరిన ప్రతి నర్సుకీ ఇంజెక్షను సంగతి తరవాత, ముందు ఈ దారి చూపిస్తాను. నాకు చూపించినావిడ డాక్టర్ విమల గారు. ఆవిడ ఇప్పుడు లేరు.

విమల గారు పిల్లలు కలగనివాళ్ళకి వైద్యం చేసేవారు. దివిసీమలో ఒక పల్లెటూరి క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పెద్ద పెద్ద నగరాల్లో చదివి, పనిచేసి, చివరికి బందరు వచ్చి ఒక పాత డాబాలో ఆస్పత్రి పెట్టుకున్నారు. పొట్టి మనిషి. నూలు చీర, రబ్బరు చెప్పులు, ముక్కు మీదకి జారే కళ్ళజోడు. ఉద్యోగంలో చేరడానికి వెళ్ళి మొదటిసారి చూసినప్పుడు డాక్టరు గారు ఎక్కడ అని నేను ఆవిడనే అడిగాను. "ఇక్కడే ఎక్కడో తిరుగుతుంటుంది, కూర్చోండి డాక్టరు గారూ" అన్నారు. తరవాత ఎన్నేళ్ళు పనిచేసినా నేనేదైనా తొందరపడ్డప్పుడు నన్ను 'డాక్టరు గారూ' అనే పిలిచేవారు. మెచ్చుకున్నప్పుడు మాత్రం శైలజా అనేవారు. మా నాన్న కాలేజీ ఆఫీసులో గుమాస్తా. కూతురు డాక్టరైందని ఆయన వీధి వీధంతా చెప్పుకునేవారు. ఆ పొగరు కాస్త నాకూ ఎక్కి ఉండేది. అందుకని మొదటి నెలల్లో నేను డాక్టరు గారినే ఎక్కువ, శైలజని తక్కువ.

చేరిన వారంలోనే సలహా ఇచ్చాను. "గోడలు బోసిగా ఉన్నాయండీ. విజయవాడలో అయితే పుట్టిన పిల్లల ఫొటోలు గోడ నిండా పెడతారు. చూస్తే నమ్మకం కలుగుతుంది కదా."

"ఎవరికి కలుగుతుంది?"

"పేషెంట్లకి."

"అయితే ఆ తెల్లకోటు విప్పేసి మధ్యాహ్నం దాకా హాల్లో కూర్చుని రండి డాక్టరు గారూ."

రోషం కొద్దీ వెళ్ళి కూర్చున్నాను. నా పక్కన పెడన నుంచి వచ్చిన ఒకామె, కలంకారీ అచ్చులు వేసే మనిషి, వేళ్ళ గోళ్ళ చుట్టూ రంగు. "మీకెన్నేళ్ళండీ పెళ్ళయి?" అని మెల్లగా అడిగింది. ఏదో చెప్పాను. అంతలో మందుల కంపెనీ కుర్రాడొకడు కొత్త కాలెండరు తెచ్చి కౌంటరు మీద నిలబెట్టాడు. బొద్దుగా, నున్నగా, పళ్ళు లేని నోటితో నవ్వుతున్న పాపాయి బొమ్మ. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరి కళ్ళూ ఒక్కసారి దాని మీదకి వెళ్ళాయి, ఒక్కసారే కిందకి దిగాయి. తరవాత ఎవరూ అటు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్ళు పడుతున్న అవస్థ నాకు మెడ నొప్పి పుట్టించింది. లోపలికి వెళ్ళి నిలబడితే విమల గారు "కాఫీ తాగుతావా శైలజా?" అన్నారు. ఆ కాలెండర్లన్నీ వంటింటి అలమారలో డబ్బాల కింద బోర్లా పరిచి ఉండేవని తరవాత తెలిసింది. హాలు గోడకి మాత్రం ఒక పెడన దుప్పటి వేలాడేది. దాని నిండా తీగలు, చిలకలు. "చూశావా, అన్నీ పెద్ద చిలకలే, ఒక్క పిల్ల కూడా లేదు. ఏరి మరీ కొన్నాను" అనేవారు.

ఆవిడ పద్ధతులు ఇలాంటివే, చిన్నచిన్నవి. ఏ అమ్మాయినీ ఫలానావారి కోడలు అని పిలవనిచ్చేవారు కాదు, పేరు పెట్టే పిలవాలి. 'లోపం' అనే మాట ఆస్పత్రిలో ఎవరి నోటా రాకూడదు. మొగుడు రాకుండా పెళ్ళాన్ని ఒక్కదాన్నే పరీక్షించేవారు కాదు. చెప్పవలసిన మాట ఏదైనా ఇద్దరికీ ఒకేసారి, బల్ల అవతల నుంచి కాకుండా వాళ్ళ పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని చెప్పేవారు. ఫోనులో ఫలితం చెప్పడం అసలే లేదు. "మీకెంతమందండీ పిల్లలు?" అని ఎవరైనా అడిగితే, ఇద్దరు కొడుకులున్నా, "నా సంగతికేం గానీ నీ సంగతి చెప్పు" అని దాటేసేవారు. అన్నిటికంటే ముఖ్యమైనది లడ్డు పద్ధతి. కడుపు పండినవాళ్ళు మిఠాయి తేవడం మా వైపు మామూలే. వద్దంటే బాధపడతారు. అందుకని ఆ పెట్టె పెరటి గుమ్మంలోంచి రావాలి, పెరట్లోనే మూత తియ్యాలి. ఇవన్నీ ఆవిడ చాదస్తం అనుకునేదాన్ని, నాగేశ్వరి వచ్చేదాకా.

నాగేశ్వరిది కోడూరు దగ్గర పల్లె. భర్త రాంబాబు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు. అవనిగడ్డలో బస్సు మారి వచ్చేవారు, ఎప్పుడూ వెంట అత్తగారు వెంకాయమ్మ. సంచీ, నీళ్ళ సీసా, అత్తగారి మందులు అన్నీ నాగేశ్వరి భుజానే. మొదటి రోజే వెంకాయమ్మ సంగతి తేల్చేసింది. "డాక్టరమ్మా, నాకొక్కడే కొడుకు. దీనికి పిల్లలు పుడతారో పుట్టరో చెప్పెయ్యండి. పుట్టరంటే నందివాడలో మా తమ్ముడి కూతురుంది, వాడికి చేసేస్తాను." కోడలు పక్కనే ఉండగా అంది. ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు.

పరీక్షల్లో తేలింది రాంబాబు సంగతి. ఆ రోజు విమల గారు వెంకాయమ్మని ఆయాతో టీ తాగడానికి పంపించి, భార్యాభర్తల పక్కన కూర్చున్నారు. "రాంబాబూ, నీ పరీక్షలో వీర్యకణాలు కనపడలేదు. మళ్ళీ చేయించినా అంతే వచ్చింది. బయటికొచ్చే దారి మూసుకుపోయి ఉండొచ్చు. చిన్న ఆపరేషను చేసి లోపలి నుంచి తీసి, విజయవాడ ల్యాబులో పిండం తయారుచేసి చూడొచ్చు. నిలబడుతుందని మాత్రం మాటివ్వలేను."   రాంబాబు తువ్వాలు మెలితిప్పుతూ, "మా అమ్మకి చెప్పమాకండి. తలెత్తుకోలేను" అన్నాడు.

అప్పుడు నాగేశ్వరి మొదటిసారి నోరు విప్పింది. "నామీద ఏసెయ్యండమ్మా. ఇన్నాళ్ళూ నామీదే ఉందిగా. నాకలవాటే."

 విమల గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "అలవాటైతే బరువు తగ్గుతుందా తల్లీ? నేను ఎవరి మీదా వెయ్యను."

టీ తాగి వచ్చిన వెంకాయమ్మ, "ఎవరిలో ఉందండీ?" అని నిలదీసింది. "ఇద్దరికీ కలిపి వైద్యం చేస్తున్నానండీ. వాళ్ళ ఒంటి సంగతి వాళ్ళు చెప్పాలి గానీ నేను చెప్పకూడదు" అన్నారు విమల గారు. "అంటే దీన్లోనే అన్నమాట." "అలాగని నేననలేదు. మీరూ అనకండి." ఆ మాట ఎంత మర్యాదగా ఉందో అంత గట్టిగా ఉంది.

వాళ్ళు వెళ్ళాక నేను ఆగలేకపోయాను. ఒక్క మాట చెప్పేస్తే వెంకాయమ్మ నోరు మూతపడేది కదా, ఆ పిల్ల బతుకు నిలబడేది కదా అని గొడవపడ్డాను. విమల గారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "మూతపడుతుంది. ఆ తరవాత అతను ఈ గుమ్మం తొక్కడు. ఆ అమ్మాయి ఒక్కతే మిగులుతుంది. అతను చెప్పగలిగేదాకా అతని పక్కన కూడా ఉందాం."

"ఎప్పటికీ చెప్పకపోతేనో?"

"అప్పుడూ ఉందాం. నాకు తేలికగా ఉందనుకుంటున్నారా డాక్టరు గారూ?" అన్నారు. నేను ఒప్పుకోలేదు. లోపల ఉడికిపోతూ ఇంటికి వెళ్ళాను.

ఇద్దరూ వైద్యానికి సరేనన్నారు. విజయవాడలో పిండం పెట్టిన తరవాత రక్తపరీక్ష ఫలితం వచ్చే రోజు. ముగ్గురూ హాల్లో చిలకల దుప్పటి కింద కూర్చున్నారు. కాగితం అప్పటికే నేను చూశాను, నిలబడలేదు. విమల గారికి అందించి, ఇద్దరం హాల్లోకి రాబోతుంటే వీధి గుమ్మంలోంచి ఒక కుటుంబం లడ్డు పెట్టెతో హడావిడిగా లోపలికి వచ్చింది. చాలా ఏళ్ళు తిరిగి, చివరికి కడుపు పండినవాళ్ళు. పద్ధతి మరిచిపోయినంత సంతోషం. విమల గారు రెండంగల్లో ఎదురెళ్ళి, మూత తీయకుండానే పెట్టె అందుకుని, అందర్నీ పెరట్లోకి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. అక్కడ ఆవిడ లడ్డు విరిచి కడుపుతో ఉన్న అమ్మాయి నోట్లో పెట్టి, తనూ తిని, వాళ్ళింటి ముసలాయన ఏడుస్తుంటే తనూ కళ్ళు తుడుచుకుని, గట్టిగా నవ్వారు. నిజంగా సంతోషించారు. చేతిలో ఆ కాగితం మడిచి కొంగున దోపుకుని ఉండి అంత సంతోషం ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

వాళ్ళని సాగనంపి పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళారు. సబ్బుతో చేతులు కడుక్కున్నారు. వాసన చూసుకున్నారు. మళ్ళీ సబ్బు రాసి కడిగారు. నోరు పుక్కిలించారు. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే, "నెయ్యి కదా, అంత తొందరగా పోదు. ఆ పిల్ల పక్కన కూర్చోవాలి నేను" అన్నారు. ఎన్నో ఆపరేషన్లు చూశాను, పేరున్న డాక్టర్ల చేతులు చూశాను. ఆ కుళాయి కింద తడిసిన చేతుల ముందు నిలబడినంత భక్తితో ఇంకెక్కడా నిలబడలేదు.

భార్యాభర్తలిద్దర్నీ లోపలికి పిలిచి, స్టూలు లాక్కుని మొదటి మాటగానే చెప్పేశారు. "ఈసారి నిలబడలేదమ్మా." నాగేశ్వరి ఏడవలేదు. "బస్సులో కుదుపులొచ్చాయండీ, అందుకా? ఓ రోజు బిందె ఎత్తాను, అందుకా? ఉపవాసం ఉన్నాను, అందుకా?" అని వరసగా అడిగింది. ప్రతిదానికీ విడివిడిగా, "కాదు తల్లీ" అన్నారు విమల గారు. అన్నిటికీ కలిపి ఒక్కసారి కాదు. అడగడానికి ఇంకేమీ మిగలనప్పుడు ఏడ్చింది.

హాల్లోకి వచ్చేసరికి కోడలి మొహం చూసి వెంకాయమ్మకి అర్థమైపోయింది. అందరి ముందూ లేచి, "ఇంక చాలు. మా తమ్ముడికి కబురు పెడతాను" అంది.

"అమ్మా," అన్నాడు రాంబాబు. అతని నోట అంత గట్టి గొంతు అంతవరకూ నేను వినలేదు. "నందివాడ ఎవరికీ కబురు పెట్టమాక. ఎవర్ని చేసుకున్నా ఇంతే. లేనిది నాకు. మొదట్నించీ నాకే. నాగేశ్వరికి ఏం లేదు."

 వెంకాయమ్మ బెంచీ మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది. ఇప్పుడు తగిన శాస్తి అయిందని నాకు లోలోపల గంతులేయాలనిపించింది, దాచుకోను. విమల గారు మాత్రం స్వయంగా గ్లాసు తెచ్చి, ఆ బెంచీ మీదే ఆవిడ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశారు.  తరవాత నాతో, "ఆవిడ కూడా మనవడి కోసమే కదా అంత దూరం వచ్చింది. ఆవిడా మన పేషెంటే శైలజా" అన్నారు. ఆ రోజు బస్సుకి వెళ్ళేటప్పుడు సంచీ వెంకాయమ్మ భుజాన ఉంది.

మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ నిలబడలేదు. ఆ తరవాత కొన్ని నెలలు వాళ్ళు కనపడలేదు. ఒక పొద్దున్న పెరటి గుమ్మంలో చప్పుడైతే వెళ్ళి చూశాను. ముగ్గురూ నిలబడి ఉన్నారు, నాగేశ్వరి చేతిలో లడ్డు పెట్టె. నా గుండె ఎగిరి గంతేసింది. మా దగ్గర కాకపోయినా ఎక్కడో, ఎలాగో జరిగిందనుకుని కేకలు పెట్టి విమల గారిని పిలిచాను.

"కడుపు రాలేదండీ," అంది నాగేశ్వరి నా కంగారు చూసి నవ్వుతూ. "ఇంక ఆపేద్దామనుకున్నాం, ముగ్గురం. ఆ మాట చెప్పడానికొచ్చాం. అక్కడ హాల్లో బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా, ఈ గుమ్మంలోంచి ఎప్పుడొస్తానా అనుకునేదాన్నండీ. నాకూ ఒక్కసారి రావాలనిపించింది."

విమల గారు పెట్టె మూత తీసి, లడ్డు విరిచి నాగేశ్వరి నోట్లో పెట్టారు. తరవాత వెంకాయమ్మకి, రాంబాబుకి, నాకు. తను తిన్నారు. ఇంతకుముందు కడుపు పండినవాళ్ళతో ఎలా నవ్వారో అలాగే, ఒక్క పిసరు తక్కువ లేకుండా నవ్వారు. "మా నాగేశ్వరికి మిషను కుట్టడం వచ్చండీ, కొట్టు పెడతానంటోంది" అని వెంకాయమ్మ గొప్పగా చెబుతుంటే కుట్టుమిషను గురించి, జాకెట్ల గురించి నానా ప్రశ్నలూ వేశారు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తరవాత కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు చేతులతో పాటు మొహం కూడా కడుక్కున్నారు. నా వైపు తిరగకుండానే, "లోపల ఎవరున్నారు శైలజా?" అని అడిగారు.

ఇవాళ పెరట్లో ఆ పెద్దాయన పెట్టె తెరిచి నా చేతిలో లడ్డు పెట్టాడు. తిన్నాను, ఆయన కోడలి తల నిమిరాను, మనసారా సంతోషించాను. విమల గారి దగ్గర పనిచేసి వచ్చిన ఇన్నేళ్ళకి నాకు అది వచ్చింది. తరవాత కుళాయి విప్పి సబ్బు రాసుకున్నాను. కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగాను. గదిలో ఒక అమ్మాయి, ఆమె భర్త నా కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళకి చెప్పవలసిన మాట మంచిది కాదు. చేతుల్లో సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదని తేల్చుకుని లోపలికి వెళ్ళి, వాళ్ళ పక్కకి స్టూలు లాక్కుని, ముందు ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచాను.