టేపు పెట్టకూడని గుట్ట

కల్లూరులో మాది నాపరాళ్ల డిపో. ముప్పై ఏళ్లుగా గల్లా దగ్గర కూర్చునేది నేనే. బేతంచెర్ల రాయి ఏదో, కడప నలుపు ఏదో కళ్లు మూసుకుని చేత్తో తడిమి చెప్పేస్తాను. గొప్పలు కాదు, కావాలంటే వచ్చి చూడండి. అట్లాంటి నా డిపోకు ఒక్క ముక్క కూడా రాని రాయి మన జిల్లాలోనే ఉందని, మా దగ్గర రాళ్లెత్తే ఓబులమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

ఓర్వకల్లు అవతల ఉన్న పెద్దక్క గుట్ట ఓబులమ్మ ఇంటిపేరు వాళ్లకు దేవత. ఆ రాయిని అమ్మరు, కొనరు. ఇంట్లో మనిషి పోతే సమాధి తలాపున పెట్టడానికి మాత్రం తెచ్చుకుంటారు. మొగుడు పోతే పెళ్లాం, పెళ్లాం పోతే మొగుడు తన చేత్తోనే కొట్టి తీయాలి. ఏడాదికి ఒక్కసారే పోవాలి. మూడేళ్లలో రాయి దక్కకపోతే, పెద్దల పండగనాడు పోయినవాళ్లందరినీ పిలిచేటప్పుడు ఆ మనిషి పేరు ఇక పిలవరు. ఓబులమ్మ భర్త పోయాక రెండేళ్లు వెళ్లింది, రెండుసార్లూ తీసేటప్పుడే రాయి పగిలింది. ఇది మూడో ఏడు. సెలవు అడగడానికి వస్తే, "నేనూ వస్తా పద" అన్నాను.

కర్నూలు బస్టాండులో ఆరుంబావుకు నంద్యాల పల్లెవెలుగు ఎక్కాం. టికెట్ పదకొండు రూపాయలు. ఓబులమ్మ సంచిలో ఉలి, సుత్తి, జొన్నరొట్టెలు. నా సంచిలో పులిహోర, నీళ్ల సీసాలు, అలవాటుకొద్దీ రాళ్లు కొలిచే టేపు. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "సుత్తి ఎత్తుకోని యాడికి పోతాండారమ్మా?" అని అడిగాడు.

"రాయికప్పా" అంది ఓబులమ్మ.

"ఓర్వకల్లులో రాళ్లకేం కరువు? బస్సు దిగి కాలు పెడితే రాయే" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఓబులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఏడింటికి ఓర్వకల్లులో దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బజ్జీ బాగుంది, టీ మాత్రం తాగకండి. అక్కడి నుంచి షేరాటోలో చివరి పల్లెదాకా వెళ్లి, ఆపైన గంటసేపు నడవాలి. శనగచేలు దాటాక కనుచూపుమేర ఎండుగడ్డే, నీడనిచ్చే చెట్టు ఒక్కటి లేదు. నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. కొత్తగా కొన్న సెల్‌ఫోనుకు అక్కడ సిగ్నల్ కూడా అందలేదు.

గడ్డి మధ్యలో ఎర్రటి గుట్ట, దాని నడుమున తరతరాలుగా కొట్టిన గుంట. కింద చెప్పులు విప్పించి పుల్లన్న మమ్మల్ని పైకి పిలిచాడు. ఓబులమ్మకు వరసకు బావ, గుట్టకు పూజారి. ఓబులమ్మ టెంకాయ కొట్టి, సుత్తితో ఒక్కొక్క పొరనూ తడుతూ పోయింది. పది గంటలకు ఒక రాయి కంచు గిన్నెలా మోగింది. "ఇది మంచిది" అన్నాను, ఉండబట్టలేక. ఆమె ముఖం విప్పారింది.

ఇద్దరం మోయగలమా లేదా అని చూడాలి కదా. టేపు తీసి పొడవు కొలిచాను. మా డిపోలో రాయి కనబడితే చేయి దానంతటదే టేపు మీదికి పోతుంది.

పుల్లన్న నా దగ్గరికి వచ్చాడు. "కొలిచినావా శెట్టెమ్మా? కొలిచినాంక అది సరుకైపాయ. మనిషికి పెట్టేదానికి పనికిరాదు."

"నేను అమ్మడానికి కొలవలేదప్పా" అన్నాను.

"నువ్వు దేనికి కొలిచినావో రాయికేం తెలుసు?"

ఓబులమ్మ సుత్తి పక్కన పెట్టి కూలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మొగుడి పేరు నా చేతి దురద వల్ల పోతుందేమోనని భయమేసింది.

కానీ ఏడుస్తూ కూర్చునే మనిషిని కాను. "చెడగొట్టింది నేను, వెతికేదీ నేనే" అన్నాను.

పుల్లన్న, "చెయ్యి పెట్టగూడదు. చెవి పెట్టు" అన్నాడు.

చెవి పెట్టడం నాకొచ్చు. ఆమె తట్టడం, నేను బోర్లా పడుకుని వినడం. మోకాళ్లు చీరుకుపోయాయి, చీరంతా ఎర్రమన్ను. ఒంటిగంట దాటాక, గుంట అడుగున ఎవరూ తాకని పొర ఒకటి దొరికింది. చిన్న మోతే, కానీ ఎక్కడా తెగలేదు.

"లోపల బీట లేదు. కొట్టు ఓబులమ్మా" అన్నాను.

"శానా భయమైతాంది శెట్టెమ్మా."

"ముప్పై ఏండ్లు రాళ్ల మధ్య బతికినదాన్ని చెప్తాండా. కొట్టు."

ఆమె ఉలి ఆనించి మెల్లమెల్లగా చుట్టూ కొట్టింది. మూరెడు రాయి అంచు చెదరకుండా విడివడింది. ఓబులమ్మ దాన్ని ఎదకు హత్తుకుని భోరుమని ఏడ్చింది. నాకూ ఆగలేదు. పుల్లన్న రాయికి తెల్లగుడ్డ చుట్టి, "ఇప్పుడు నువ్వూ పట్టొచ్చు" అన్నాడు నాతో.

సమాధి చేరేదాకా రాయి నేలను తాకకూడదట. ఒకరి చేతుల్లోంచి ఒకరం మార్చుకుంటూ మోశాం, నా భుజాలు పడిపోయాయి. నాలుగున్నరకు ఓర్వకల్లులో కర్నూలు బస్సు దొరికింది. ఇద్దరి ఒడిలో రాయిని అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాం. ఇన్నేళ్లూ చదరపు అడుగుల లెక్కన రాయి అమ్మినదాన్ని, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఎక్కడ జారుతుందోనని రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఆ గుట్టకు మీరు తప్పకుండా వెళ్లండి, వెళ్లినప్పుడు చేతులు కట్టుకుని నిలబడండి.

కండక్టరు వచ్చి మూట తట్టి చూశాడు. "రాయేనా? దీనికి లగేజి కొట్టాలమ్మా."

"లగేజి గాదప్పా, మా ఇంటాయన" అంది ఓబులమ్మ. "ఆయప్పకు నిండు టికెట్టే కొట్టు."

కండక్టరు నా వైపు చూశాడు.

"మూడు కర్నూలు" అన్నాను.

అతను మూడు చింపి ఇచ్చాడు. ఓబులమ్మ అందులో ఒకటి తెల్లగుడ్డ మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా కర్నూలు దాకా అరచేత్తో అదిమి పట్టుకుంది.