బయమ్మ చెప్పవలసిన మాట

తీతు పాస్టరుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు తిప్పయ్య. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మారింది గాని, ఊరిలో పెద్దవాళ్లు ఇప్పటికీ తిప్పయ్య అనే పిలుస్తారు. కంబదూరు నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి పోతే అతని ఊరు వస్తుంది. పాస్టరు కాకముందు పన్నెండేళ్లు కళ్యాణదుర్గంలో మైకు ఆటోలో తిరిగాడు. కంటి పరీక్షల శిబిరం, చీరల తగ్గింపు అమ్మకం, తప్పిపోయిన ఎద్దు, ఏదైనా సరే అతని గొంతులో పడితే జనం పని ఆపి వినేవాళ్లు. ఎద్దు గురించి చెప్పేటప్పుడు దాని కొమ్ము ఏ వైపు వంకర తిరిగిందో చెప్పి, పాపం యజమాని మూడు రోజులుగా అన్నం ముట్టలేదని కూడా చెప్పేవాడు. అన్నం సంగతి యజమాని చెప్పింది కాదు.

పెళ్లయ్యాక భార్య సలోమి వెంట సంఘానికి పోవడం మొదలుపెట్టి, ముప్పై ఏళ్ల వయసులో అనంతపురంలో రెండేళ్లు బైబిలు చదువు చదివాడు. తర్వాత సొంత ఊరిలోనే సేవ. నలభై కుటుంబాలు, రేకుల మందిరం. వారంలో నాలుగు రోజులు అతనూ సలోమీ కూలికి పోయేవాళ్లు. ప్రసంగంలో వచనాలు తక్కువ, కథలు ఎక్కువ. చేనులో జరిగిందీ, బస్సులో విన్నదీ అన్నీ ఆదివారం మైకులోకి వచ్చేవి. జనానికి అదే ఇష్టం.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. దాని ముందు రోజు శనివారం మధ్యాహ్నం, మనసులో ఏదైనా బరువుగా ఉన్నవాళ్లు మందిరానికి వచ్చి పాస్టరుతో చెప్పుకొని ప్రార్థన చేయించుకోవడం అతనే పెట్టిన అలవాటు. పెళ్లాన్ని కొట్టినవాడు, తాగుడు మానలేనివాడు, తల్లిని తిట్టినవాడు వచ్చేవాళ్లు. ఎవరు ఏమి చెప్పినా తీతు ఒకటే మాట అనేవాడు. "ఈ మాట ఈ రేకులు దాటి పోదు."

జూన్ నెలలో ఒక శనివారం బయమ్మ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. ఆమె భర్త గిరి, గిరి అన్న ఎర్రన్న ఇద్దరికీ ఒకటే బోరు. ఎర్రన్నకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, గిరికి పక్కనే ఎకరా టమోటా. నీళ్లు రోజు మార్చి రోజు అని ఒప్పందం. ఎండలు ముదిరి బోరులో నీళ్లు తగ్గేసరికి ఎర్రన్న వంతు ఒక రోజు కాస్తా రెండు రోజులైంది, మూడు రోజులైంది. ఏప్రిల్‌లో బయమ్మ టమోటా నిలువునా ఎండిపోయింది. ఒక మిట్టమధ్యాహ్నం ఆమె కొడవలి తీసుకొని పోయి బావ తోటలో డ్రిప్పు పైపులు పదకొండు చోట్ల కోసి వచ్చింది. ఎర్రన్న చుట్టాల పెళ్లికని పోయి నాలుగు రోజులు ఊరిలో లేడు. వచ్చేసరికి చిన్న చెట్లు తొమ్మిది పోయాయి. ఆ దారిలో గొర్రెలు తోలుకొనిపోయే కాపరి చేసినాడని అనుకొని, అతన్ని అందరి ముందు తిట్టి, మళ్లీ ఆ దారిలో అడుగు పెట్టనివ్వలేదు.

"ఆయప్ప ఏం చేయలేదు. నేను చేసినా," అంది బయమ్మ. "ఇప్పుడే పోయి మా బావతో చెప్పేస్తా అయ్యా. ఇంట్లో గూడ చెప్పలేదు ఇంకా. నువ్వు ప్రార్థన చేసి పంపియ్యి."

తీతు ప్రార్థన చేశాడు. తర్వాత ఆగమన్నాడు. "ఎర్రన్న ఇప్పుడు కోపం మీద ఉండాడు. ఆగస్టులో కాయ కోత అయిపోనీ. మనసు చల్లబడినాక నేనే నీ వెంట వస్తా."

ఆగస్టులో కోత అయింది. బయమ్మ రెండుసార్లు గుర్తు చేసింది. తీతు దసరా కానీ అన్నాడు, క్రిస్మసు పని ఉంది అన్నాడు. ఆమె మూడోసారి అడగలేదు.

ఫిబ్రవరిలో గార్లదిన్నె దగ్గర మూడు రోజుల సభలు జరిగాయి. తీతుకు రెండో రోజు మధ్యాహ్నం ప్రసంగం ఇచ్చారు. ఎనిమిది వందల మంది ఉంటారు. అంతమంది ముందు అతను ఎప్పుడూ నిలబడలేదు. అతని కంటే ముందు మాట్లాడినాయన గంటన్నర సేపు మాట్లాడాడు. భోజనాల వాసన వస్తోంది. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. తీతు రాసుకొచ్చిన కాగితం రెండు నిమిషాలు చదివాడు. ఇంకో వరుస లేచింది. అప్పుడు కాగితం మడిచి జేబులో పెట్టి, గొంతు తగ్గించి, "మా ఊర్లో ఒక చెల్లెలు ఉండాది," అన్నాడు.

పేరు చెప్పలేదు. చీనీ తోట చెప్పాడు, కొడవలి చెప్పాడు, పదకొండు కోతలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చెప్పాడు. లేచినవాళ్లు కూర్చున్నారు. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. చివరికి వచ్చేసరికి కథ అక్కడ ఆపడం కుదరలేదు. ఆ చెల్లెలు పోయి బావ కాళ్ల మీద పడిందనీ, ఆయన లేపి తల నిమిరాడనీ, ఈరోజు రెండు ఇళ్లవాళ్లూ ఒకే పొయ్యి మీద వండుకొని తింటున్నారనీ చెప్పాడు. సభ చప్పట్లతో మారుమోగింది. నిర్వాహకులు శాలువా కప్పారు. బస్సులో ఆ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకొని ఊరికి వచ్చాడు.

ఎర్రన్న వదిన ఒకామె ఆ సభలో ఉంది. ఎర్రన్న క్రైస్తవుడు కాదు గాని, భార్య తరఫువాళ్లు సంఘానికి పోతారు. నిర్వాహకులు యూట్యూబులో పెట్టిన ఆ ప్రసంగం ఐదో రోజు ఆమె ద్వారా ఎర్రన్న ఫోనులోకి వచ్చింది. అతను తమ్ముడి ఇంటి ముందుకు పోయి, అరుగు మీద ఫోను పెట్టి, గొంతు పెద్దది చేసి వినిపించాడు. బయమ్మ రాగులు చెరుగుతోంది. తాను చేసిన పని తన పాస్టరు గొంతులో మొదటి నుంచి చివరి దాకా విన్నది. వీధిలో పది మంది విన్నారు. గిరి కూడా అప్పుడే విన్నాడు.

ఎర్రన్న పెద్దగా అరవలేదు. బోరు దగ్గరికి పోయి గిరి చేనికి నీళ్లు పోయే వాల్వు మూసి తాళం వేశాడు. గిరి ఆ రోజు నుంచి తల్లి దగ్గర అన్నం తినడం మొదలుపెట్టాడు. బయమ్మ మందిరానికి రావడం మానేసింది.

సలోమి ఈ సంగతి కుళాయి దగ్గర విని వచ్చి భర్తతో చెప్పింది. తీతు మొదట అన్న మాట, "నేను పేరు చెప్పలేదు గదా."

"పేరు ఒగటే చెప్పలేదు. మిగతాదంతా చెప్పినావు," అంది సలోమి.

వారం రోజులు అతను ఆ ఒక్క మాటనే రకరకాలుగా అన్నాడు. ఆత్మల రక్షణ కోసం చెప్పానన్నాడు. ఆ కథ విని ఎంతమంది ఏడ్చారో చెప్పాడు. సలోమి చేటలో బియ్యం ఏరుతూ అంతా విని, తల ఎత్తకుండా అడిగింది.

"బయమ్మ పోయి కాళ్ల మీద పడిందని చెప్పినావంట. ఎప్పుడు పడింది?"

తీతు ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని తినకుండా లేచాడు.

సంఘపెద్ద సుంకన్నతో, వచ్చే ఆదివారం అందరి ముందు తప్పు ఒప్పుకుంటానన్నాడు. సుంకన్న వద్దన్నాడు. "నెల పోతే ఎవరికీ గుర్తుండదప్పా. పాస్టరే తప్పు చేసినా అని నిలబడితే సంఘంలో ఎవరుంటారు? కంబదూరు సంఘమోళ్లు నవ్వుతారు. నోరు మూసుకొని ప్రార్థన చేసుకో."

తీతు వినలేదు. ముందు బయమ్మతో చెప్పాలని వెళ్లాడు. ఆమె వేరేవాళ్ల చేనులో కూలికి టమోటా కోస్తోంది. అతన్ని చూసి కూడా చేయి ఆపలేదు.

"యాంటికి వచ్చినావయ్యా ఈడికి? పని చేసుకోనియ్యి."

"తప్పు చేసినా బయమ్మా. ఆదివారం సంఘం ముందర నిలబడి అంతా చెప్పేస్తా. నీది కాదు, తప్పు నాదేనని చెప్తా."

"ఏమని చెప్తావు? బయమ్మ పైపులు కోసింది, నాకు చెప్పింది, నేను బయట పెట్టినా అనేనా? విననోళ్లు ఊర్లో ఇంగా కొంతమంది ఉండారు. వాళ్లు గూడ వింటారు." ఆమె గంపను ముందుకు జరుపుకుంది. "నువ్వు మైకు ముందర ఏడిస్తే నీ బరువు దిగుతాది. ఇంటికి పోయి అన్నం తింటావు. నాకేం దిగుతాది?"

తీతు గట్టు మీదే నిలబడ్డాడు. ఆమె సాలు చివరి దాకా కోసుకుంటూ పోయి, మళ్లీ ఇటు తిరిగింది. దగ్గరికి వచ్చాక నడుము పట్టుకొని లేచి నిలబడి అంది.

"నేను నీ దగ్గరికి వచ్చిన పొద్దే మా బావ దగ్గరికి పోతా అంటి. నువ్వే వద్దంటివి. ఎనిమిది నెల్లు ఆ మాట నోట్లో పెట్టుకొని తిరిగినా. అది నేను చెప్పల్సిన మాట. నువ్వు చెప్పేస్తివి. ఇప్పుడు నేను ఎవరి కాళ్ల మీద పడినా, దొరికిపోయి పడినట్లే గదా."

తీతు అన్నాడు. "నన్ను ఏం చేయమంటావో నువ్వే చెప్పు."

"మా బావ దగ్గరికి పోయి, నేను ఆ పొద్దే వస్తా అన్నానని చెప్పు. అది నీకు తప్ప ఎవరికీ తెల్దు. సంఘంలో నా పేరు గాని, పైపులు గాని, చెట్లు గాని నీ నోట్లో రాకూడదు. అంతే. ఇంక పో."

అతను అట్నుంచి అటే ఎర్రన్న తోటకు పోయాడు. ఎర్రన్న చీనీ చెట్ల మధ్య కూర్చొని పాత పైపుకు జాయింట్లు వేస్తున్నాడు.

"ఏం తిప్పయ్యా, ఇంకో కథ కావాల్నా?"

"నేను చేసిన తప్పంతా చెప్పేదానికి వచ్చినా ఎర్రన్నా. బయమ్మ జూన్ నెలలోనే నాతో చెప్పింది. ఆ పొద్దే నీ దగ్గరికి వస్తా అనింది. నేనే ఆపినా."

ఎర్రన్న చేతిలో పని ఆగింది. "ఆ పొద్దే వస్తా అనిందా?"

"అనింది. కోత అయినాక గూడ రెండుసార్లు అడిగింది. నేనే జరుపుతా వచ్చినా. నీ కోపం చల్లారనీ అని చెప్పినా గాని, నా మనసులో ఇంకొకటి ఉండె. మందిరం తొట్టికి నీళ్లు నీ బోరు నుంచే వస్తాండాయి. ఈ తగాదాలో ఆపేస్తావేమోనని భయపడినా."

ఆ చివరి మాట చెప్పాలని అతను అనుకొని రాలేదు. అప్పటి దాకా తనకు తాను కూడా చెప్పుకోని మాట అది. ఎర్రన్న ఒక్కసారి నవ్వాడు. "మందిరానికి ఇప్పుడు గూడ ఆపలేదు గదప్పా." మళ్లీ పైపు చేతికి తీసుకున్నాడు. తీతు కాసేపు చూసి వచ్చేశాడు.

ఆదివారం మందిరంలో అతను మాట్లాడింది నిమిషం కూడా పట్టలేదు. ఒకరు నమ్మి చెప్పిన మాటను బయట పెట్టానన్నాడు. జరగనిదాన్ని జరిగినట్టు కలిపి చెప్పానన్నాడు. మూడు నెలలు ప్రభువు బల్ల వేరే పాస్టరు వచ్చి ఇస్తాడనీ, దీని గురించి తనను గాని ఇంకెవరిని గాని అడగవద్దనీ చెప్పి పాట మొదలుపెట్టాడు. ఏడవలేదు. ఆ నెలలో ఐదు కుటుంబాలు కంబదూరు సంఘానికి మారిపోయాయి. సుంకన్న మారలేదు గాని, చాలా రోజులు పాస్టరుతో ముక్తసరిగా మాట్లాడాడు.

గార్లదిన్నె సభల నిర్వాహకులకు ఫోను చేసి ఆ ప్రసంగం తీసేయమన్నాడు. వాళ్లు తీసేశారు. ఆ ముగింపు అబద్ధమని ఒక్క మాట చెప్పడానికి అవకాశం ఇమ్మంటే మాత్రం ఒప్పుకోలేదు. తర్వాతి నెల పాస్టర్ల కూడికలో అతనే లేచి ముప్పై మంది ముందు చెప్పాడు. టీ తాగేటప్పుడు ఒకాయన పక్కకు పిలిచి, "మనమంతా కొంచెం కలుపుతాము లేప్పా," అన్నాడు. మరుసటి సంవత్సరం సభలకు తీతుకు పిలుపు రాలేదు.

ఎర్రన్న వాల్వు తాళం ఎప్పుడు తీశాడో ఎవరూ చూడలేదు. మే నెలలో ఒక రోజు గిరి చేనిలో నీళ్లు పారుతూ కనిపించాయి. అన్నదమ్ములు ఇప్పటికీ అవసరానికి మించి మాట్లాడుకోరు. గిరి ఇంటికి వచ్చి తింటున్నాడు. బయమ్మ మాత్రం ఒక పని చేసింది. గొర్రెల కాపరికి ఈ గొడవ ఏదీ తెలియదు. అతనికి ఫోను లేదు, పక్క ఊరి మనిషి. ఆమె నడుచుకుంటూ అతని దొడ్డి దగ్గరికి పోయి, పైపులు కోసింది తానేనని చెప్పింది. కాపరి విని, ఆ దారి మూసుకుపోయినందుకు ఏడాదిగా గొర్రెలను నీళ్లకు ఎంత చుట్టు తిప్పాల్సి వచ్చిందో ఆమెకు అరగంట సేపు వివరంగా చెప్పాడు. ఆమె అంతా నిలబడి విన్నది. ఈ సంగతి సలోమితో చెప్పుకుంది. సలోమి భర్తకు చాలా నెలల దాకా చెప్పలేదు. బయమ్మ సరేనన్నాకే చెప్పింది.

బయమ్మ ఆరు నెలలకు మందిరానికి వచ్చింది. వెనక వరుసలో కూర్చుంటుంది. ఏదైనా ఉంటే సలోమితోనే మాట్లాడుతుంది. తీతు అడగడు.

అతను ఇప్పుడు నెలకు ఒకసారి రెండు బస్సులు మారి బత్తలపల్లెకు పోతాడు. అక్కడ సేవ నుంచి విశ్రాంతి తీసుకున్న ఒక ముసలి పాస్టరు ఉన్నాడు. తన తప్పులు ఆయనకు చెప్పుకొని వస్తాడు. ఆయన ప్రతిసారీ ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాడు. "ఈ నెల ప్రసంగంలో ఏమన్నా కలిపినావా?" ఒకసారి తీతు, జానెడు పామును ఆరడుగులు చేశానని ఒప్పుకున్నాడు. వచ్చే ఆదివారం దాన్ని జానెడు చేసి రమ్మన్నాడు ముసలాయన. తీతు ఆ పని చేస్తే సంఘం నవ్వింది.

శనివారాలు ఏడాది పాటు ఎవరూ రాలేదు. అయినా మధ్యాహ్నం తలుపు తీసి కూర్చునేవాడు. మొన్న వేసవిలో ఒకతను వచ్చాడు. గడప లోపల నిలబడి, కూర్చోకుండానే అడిగాడు.

"అయ్యా, నేను చెప్పేది యాడా చెప్పవు గదా?"

"చెప్పకూడదనే అనుకుంటాండా," అన్నాడు తీతు. "గాని ఒకసారి చెప్పినోడిని. నీకు తెలుసు గదా. తెలిసే చెప్పేదుంటే చెప్పు."

అతను కొంతసేపు రేకుల వైపు చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. తర్వాతి శనివారం వచ్చి కూర్చున్నాడు.