నేను మూసి కుట్టిన ఐదంగుళాలు

2022 వానాకాలం మొదట్లో, కోరుట్లలోని నా లేడీస్ టైలరింగ్ దుకాణానికి పద్నాలుగు కుర్తాల ఆర్డర్ వచ్చింది. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఆరేళ్ళు. మా నాయన సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. నాకు మగ్గాల చప్పుడు పడక కుట్టు నేర్చుకుని ఇక్కడికి వచ్చాను. ఆ పద్నాలుగు కుర్తాల గురించి మా వాడల్లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. గుట్ట ఎక్కబోయి ఒకామె పడి చెయ్యి విరగ్గొట్టుకుందని, తన తప్పు ఒప్పుకోలేక టైలర్ మీద నెట్టిందని. ఆ మాటకు మూలం నేను. అది అబద్ధం. జరిగింది జరిగినట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మా పని గురించి ఒక సంగతి చెప్పాలి. ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాడు టేపుతో తీసే కొలత ఒకటి, మనసులో వేసుకునే కొలత ఒకటి. జాకెట్‌కు వెనక మెడ ఎనిమిదంగుళాలు పెట్టమని ఒకామె అడుగుతుంది. ఆమె అత్తగారి సంగతి నాకు తెలుసు, ఏడుకే కోస్తాను. అడిగితే "తొడుక్కుంటే దిగుతది" అంటాను. బట్ట వెనక్కి రాదు, వాళ్ళింట్లో మాట రాదు. నాకు పని నేర్పిన ఉస్తాద్ కూడా ఇలాగే చేసేవాడు. కొలతల పుస్తకంలో అలాంటి అంకె పక్కన చిన్న చుక్క పెట్టుకోవడం ఆయన దగ్గర నేర్చిందే. మాలో చాలామంది దీన్ని మోసం అనుకోరు, అనుభవం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఆర్డర్ తెచ్చింది విజయ మేడం. జగిత్యాలలో ఒక బడిలో పీఈటీ, అంటే పిల్లలకు ఆటలు నేర్పే టీచర్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి తనతో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్ళను కూడగట్టి, నెలకొక ఆదివారం ఎక్కడో ఒక చోటికి తీసుకుపోయేది. ఒక నెల వెల్గటూర్ వైపు గోదావరి ఒడ్డున నడక, ఒక నెల రుద్రంగి దగ్గరి గుట్టలు. బీడీలు చేసేవాళ్ళు, ఒక నర్సు, బ్యాంకులో పనిచేసే ఒకామె, అందరూ నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు. చీరలతో బండలు ఎక్కడం కష్టమవుతోంది, టీషర్టులంటే ఇండ్లల్లో ఒప్పుకోరు, అందుకని కుర్తా, ప్యాంటు అనుకున్నారు.

మేడం వెంట, అందరి కొలతల చీటీ పట్టుకుని సరోజన వచ్చింది. మా దుకాణానికి రెండు వాడల అవతల ఇల్లు. ఇంట్లోనే చీరలకు ఫాల్, పీకో కుడుతుంది. భర్త మల్లేశం దోహాలో పనిచేస్తాడు, ఇంట్లో అత్త ఉంటుంది.

"భాస్కరన్నా, సైడ్ కట్ నడుము దాకా రావాలె," అంది మేడం. సైడ్ కట్ అంటే కుర్తాకు రెండు పక్కలా ఉండే చీలిక.

"నడుము దాకానా మేడం? మన దిక్కు అంత పైకి ఎవ్వలు పెట్టిచ్చుకోరు."

"మన దిక్కు గుట్టలు లేవా మరి? కాలు లేవద్దా?" అని ఆమె దుకాణంలోని ఎత్తు స్టూలు మీద కాలు పెట్టి చూపించింది. "గింత లేవాలె. గిదే నా కొలత, రాసుకో."

సరోజన నవ్వింది. "విజయక్క మమ్ముల మేకలను జేసిందన్నా. ఇగ నువ్వు మేకలకు కుట్టాలె."

"మేకకు కొలత ఎట్ల తీయాలె చెల్లె?"

"నాలుగు కాళ్ళకు నాలుగు కట్లు పెట్టు, సరిపోతది."

అందరం నవ్వాం. వాళ్ళు వెళ్ళాక పుస్తకం తీసి, పద్నాలుగు మంది సైడ్ కట్ అంకెల పక్కన చుక్కలు పెట్టాను. ఎవరూ నాకు చెప్పలేదు. ఏ మొగుడూ, ఏ అత్తా వచ్చి అడగలేదు. వాళ్ళ ఇండ్లు నాకు తెలుసుననుకున్నాను, అంతే. కట్ ఐదంగుళాలు కిందికి దించి, ఆ మేర పక్క కుట్టు మూసేశాను.

బట్ట తంగళ్ళపల్లిలో తెలిసినవాళ్ళ దగ్గర తెచ్చిన కాటన్ తాను. కాటన్‌కు ష్రింకేజ్ ఉంటుంది, అంటే నీళ్ళు తగిలితే కుంచించుకుపోతుంది. కోయడానికి ముందే నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. ఇక అది కుంచించుకుపోదని నాకు తెలుసు. ఈ వివరం ఎందుకు రాస్తున్నానంటే, గుట్టకు పోయే ముందు రోజు, శనివారం, సరోజన కుర్తాలు తీసుకోవడానికి వచ్చి ఒకటి మడత విప్పి చూసింది.

"అన్నా, కట్ కిందికున్నది గదా?"

"రెండు ఉతుకులకు పైకి గుంజుకుంటది చెల్లె. అందుకే జాగ ఇచ్చిన."

"నానవెట్టలేదా?"

"లేదు," అన్నాను.

కుట్టు తెలిసిన మనిషి కాబట్టే సరైన ప్రశ్న అడిగింది. నేను అబద్ధం చెప్పాను. ఆమె నమ్మి మూట కట్టుకుపోయింది.

మర్నాడు రుద్రంగి దగ్గరి గుట్ట మీద నడుమెత్తు బండ ఎక్కడానికి సరోజన కాలు లేపింది. తొడ దగ్గర బట్ట బిగుసుకుంది. కాలు సగంలో ఆగి, ఆమె వెనక్కి పడింది. ఎడమ మణికట్టు విరిగింది.

పది రోజులకు చేతికి పట్టీతో, కుర్తా సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "గిది చూడన్నా. కాలు లేపంగనే బట్ట పట్టుకున్నది."

చూశాను. రాయి గీసుకుంటే బట్ట పోగులు అడ్డదిడ్డంగా లేస్తాయి. ఇక్కడ బట్టకు ఏమీ కాలేదు. నేను మూసిన కుట్టు కింది కొసన దారం తెగి, ఒకటిన్నర అంగుళం పైకి విచ్చుకుంది. కాలు లాగిన లాగుడు అది. చూడగానే నాకు అర్థమైంది.

"రాయికి తట్టుకొని చినిగింది చెల్లె," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కుర్తా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నాల వేళ, దోహా నుంచి మల్లేశం వీడియో కాల్ చేశాడు. తలకు హెల్మెట్ ఇంకా తీయలేదు. "అన్నా, నిన్నొకటి అడుగుత, నిజం చెప్పాలె. బట్టల్నే లోపమున్నదని మా ఆమె అంటాంది. సాకులు చెప్తాందని మా అవ్వ అంటాంది. కుట్టుల ఏమన్న తప్పున్నదా?"

దుకాణంలో అప్పుడు ఇద్దరు గిరాకీలు ఉన్నారు. వాళ్ళు వింటున్నారు. "నా కుట్టుల తప్పేమి లేదు తమ్మీ. ఆమెనే చూసుకోలే," అన్నాను.

"గంతే అన్నా. నువ్వు చెప్పినంక ఇగ ఏముంది," అని పెట్టేశాడు.

ఆ ఒక్క మాటతో సరోజన గుట్టలకు పోవడం ఆగిపోయింది. పడినందుకు కాదు, అబద్ధం ఆడిందన్నందుకు. ఆ ఇద్దరు గిరాకీల ద్వారా, ఆమె అత్త ద్వారా మాట వాడలకు పాకింది. మూడు నెలలు ఆమె మిషన్ తొక్కలేకపోయింది. ఆ దారిన పోయేటప్పుడు నేను వాళ్ళింటి వైపు చూడడం మానేశాను.

రెండేళ్ళ తర్వాత విజయ మేడం మళ్ళీ వచ్చింది. ఒంటి మీద అదే కుర్తా, చేతిలో ఇంకో మూడు.

"కొత్త ఆర్డరా మేడం?"

"కొత్తది గాదన్నా. గివే జర లూజ్ చేస్తవా? మాకు వయసు మీద పడ్డట్టున్నది. కాళ్ళు లేస్తలేవు. పెద్ద గుట్టలు బంద్ వెట్టినం. గిప్పుడు చెరువు కట్టల మీద నడుస్తున్నం, ముసలోళ్ళ తీర్గ."

ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. "మేడం, ఒక్కసారి స్టూలు మీద కాలు పెట్టుండ్రి," అన్నాను. కాలు లేపింది. మోకాలు కొంతదూరం వచ్చింది, తర్వాత బట్ట బిగుసుకుంది. ఆమె మోకాలు పట్టుకుని, "సూడు, గిదే. గింతకంటె లేస్తలేదు," అంది.

ఆగింది మోకాలు కాదు. నేను చూస్తుండగా ఆమె తన కాలిని తిట్టుకుంటోంది. అప్పుడు చెప్పాను. నేను కట్ దించింది, నానబెట్టలేదని సరోజనకు చెప్పింది, మల్లేశంతో అన్నది, అన్నీ.

"ఎన్నిటికి చేసినవ్ గట్ల?"

"పద్నాలుగింటికీ."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. "పిల్లలకు లాంగ్ జంప్ నేర్పుత నేను. మోకాలు అరిగిందనుకొని రెండేండ్ల సంది గోలీలు మింగుతున్న." లేచింది. "సరోజన చెప్తే నేను నమ్మలే. నిన్ను నమ్మిన. నాకు చెప్పుడు గాదు, ముందుగాల ఆమెకు చెప్పు పో."

అదే రోజు పోయాను. సరోజన మిషన్ ముందు కూర్చుని చీరకు ఫాల్ వేస్తోంది. అత్త గడపలో బియ్యం చెరుగుతోంది. నేను చెప్పేది పూర్తయ్యేదాకా సరోజన మిషన్ ఆపలేదు.

"తెల్సన్నా," అంది.

"ఎప్పుడు తెల్సింది?"

"పడ్డ దినమే. దవాఖానల కూసోని చూసిన. కుట్టు తెగింది, బట్ట చినగలే. నేను గూడ మిషిన్ మీదనే బతుకుత గదా."

"మరి..."

"మరేంది? ఇంట్ల చెప్పిన, ఆయనకు చెప్పిన, విజయక్కకు చెప్పిన. ఆ కుట్టు విప్పుకోండ్రి అని అందరికి చెప్పిన. నువ్వేమో రాయి అంటివి. గంత పెద్ద టైలర్ కాదన్నంక ఫాల్ కుట్టేదాని మాట ఎవ్వలింటరు?"

తప్పయిందని చేతులు జోడించాను.

"గది నేనేం చేసుకోను? ఎవ్వలకు అబద్ధం చెప్పినవో వాళ్ళకే నిజం చెప్పు."

అక్కడే నిలబడి మల్లేశంకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. "గిప్పుడెందుకన్నా గదంత? రెండేండ్లాయె," అన్నాడు.

"నీకు చెప్పిన అబద్ధం తమ్మీ. నీకే చెప్పాలె గదా."

"ఆమెకియ్యి ఫోను."

సరోజన సూదిలో దారం ఎక్కిస్తూ, "పనిల ఉన్న, తర్వాత చేస్తనని చెప్పు," అంది. అదే చెప్పాను.

అత్త చాట కింద పెట్టింది. "నా కోడలు సాకులు చెప్తదని వాడంత చెప్పిన గదరా. గిప్పుడు ఏ మొకం పెట్టుకోని తిరుగాలె నేను?"

"నేనే తిరిగి చెప్తనవ్వా," అన్నాను. తిరిగాను కూడా. కొందరు విన్నారు, కొందరు పాత మాటనే పట్టుకుని ఉన్నారు. పాత మాట వాళ్ళకు అలవాటైపోయింది.

ఆ నెల ఆదివారం పొద్దున మేడం చెప్పిన ప్రకారం రుద్రంగి దగ్గర గుట్ట కిందికి వెళ్ళాను. పద్నాలుగు మందిలో, సరోజనతో కలిపి తొమ్మిది మంది వచ్చారు. మిగతావాళ్ళు ఈ రెండేళ్ళలో మానేశారు. సరోజన కొంచెం వెనకగా నిలబడి ఉంది, తాను కుట్టుకున్న కుర్తాలో. తొమ్మిది మంది ముందూ చెప్పాను.

"మా అత్తలే నయమున్నరు గదనే! వాళ్ళు మొకం మీదనన్న అంటరు," అంది బీడీలు చేసే ఒకామె.

"మా ఆయనకు లేని బాధ నీకెందుకయ్యా?" అంది ఇంకొకామె.

నర్సు మాత్రం మెల్లగా, "లావెక్కిన, ఇగ నాతోని గాదనుకొని మొన్నటి దాంక రాలే నేను," అంది. పక్కనున్న ఇద్దరు తలలూపారు. ఒకరు నడుము నొప్పి అనుకున్నారట, ఒకరు భయం అనుకున్నారట. ఎవరికి వాళ్ళు తమ ఒంటినే అనుమానించారు. కుర్తాను అనుమానించింది ఒక్క సరోజన.

సీమ్ రిప్పర్ తీసుకుపోయాను. కుట్టు విప్పడానికి వాడే కొక్కెం లాంటి చిన్న పనిముట్టు అది. కల్వర్టు మీద కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. రెండు పక్కలా ఐదేసి అంగుళాలు విప్పి, అంచు మడిచి సూదితో టాకాలు వేశాను. ఒక కుర్తాకు ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ ఐదు నిమిషాల పని రెండేళ్ళ ముందే, సరోజన సంచి విప్పి చూపించిన రోజే చేయగలిగి ఉండేవాణ్ణి.

తర్వాత వాళ్ళు ఎక్కారు. నేను కిందనే ఉండి చూశాను. ఆ నడుమెత్తు బండ దగ్గర ఒకరి తర్వాత ఒకరు కాలు లేపి పైకి పోయారు. సరోజన బండ దాకా వచ్చి ఆగింది. మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు ఆమెకు. పైనుంచి మేడం చెయ్యి అందించింది. సరోజన బండను కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఇయ్యాల గిక్కడి దాంకనే అక్కా," అన్న మాట నా దాకా వినపడింది. పక్కనున్న చిన్న రాయి మీద కూర్చుని సద్ది మూట విప్పుకుంది.

నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళకు ఏది తగునో ఇరవై ఎనిమిదేళ్ళు నేనే తేల్చాను. ఇప్పుడు వాళ్ళు చెప్పిన అంకెకే కోస్తున్నాను. ఇంట్లో ఏమంటారన్నది వాళ్ళు చూసుకుంటారు. మొదటిసారి సరోజనను ఆ బండ దగ్గర ఆపింది నేను. ఈసారి ఆమె తనకు తానే ఆగింది. ఎక్కడం మాత్రమే కాదు, ఎక్కకపోవడం కూడా ఆమె తేల్చుకోవాల్సిన సంగతేనని ఆ కల్వర్టు మీద కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది.