పాన్‌గల్ బస్సు ఎక్కని బుజ్జమ్మ

సాయంత్రం నాలుగింటికి పెనం వేడెక్కగానే బుజ్జమ్మ తొలి జొన్నరొట్టెను తుంచి ఓ ముక్క తాను తింటుంది. పిండి ఎలా ఉందో తెలియకుండా ఒకరికి పెట్టడం ఆమెకు నచ్చదు. ఆ తర్వాతే వనపర్తి బస్టాండు బయట ఆమె గిరాకీ మొదలవుతుంది.

పెళ్ళయిన కొత్తలో ఆమె, భర్త యోసేపు ఏడేళ్ళు బెంగళూరులో ఇటుకలు మోశారు. మేస్త్రీ ఎక్కడికి లారీ ఎక్కిస్తే అక్కడికి పోవడం, రేకుల గుడిసెలో పడుకోవడం. ఆ బతుకు చాలనుకుని, తల్లి నేర్పిన రొట్టెను నమ్ముకుని ఇక్కడ పొయ్యి పెట్టుకుంది. ఎనిమిదేళ్ళు బాగానే నడిచింది. కరోనా వచ్చాక దాచుకున్నదంతా తిండికే అయిపోయింది. లాక్‌డౌన్ ఎత్తేసి బస్సులు తిరుగుతున్నా, జొన్నలు కొనే పైసలు లేక రోజుకు పది రొట్టెలతో సరిపెట్టేది. అప్పుడే మేస్త్రీ మళ్ళీ ఫోన్ చేశాడు.

"పోదాం పా. గీడ ఏమున్నది?" అన్నాడు యోసేపు.

"జర ఆగు. రోడ్డు మీద అమ్మెటోళ్ళకు సర్కారు పదివేలు లోన్ ఇస్తదంట. నేనైతే మల్ల ఇటుకలు మొయ్య."

లోన్ మాట నిజమే. కానీ లోన్ ఇచ్చేవాళ్ళ జాబితాలో ఆమె పేరే లేదు. తప్పు ఆమెదే. అంతకు వారం ముందు బస్టాండు దగ్గర మున్సిపాలిటీ జీపు ఆగింది. జీపు ఆగితే సామాను మాయం చేయడం రోడ్డు మీద బతికేవాళ్ళ అలవాటు. బుజ్జమ్మ ఇంకా వెలిగించని పొయ్యిని సంచిలో దూర్చి, పిండిడబ్బా మీద కూర్చుని కొంగు కప్పుకుంది. కాగితాలు పట్టుకుని వచ్చిన మాలతి మేడం "ఏం అమ్ముతవమ్మా?" అని అడిగితే, "నేనేం అమ్మను మేడం, పాన్‌గల్ బస్సు కోసం కూసున్న" అంది. అది వీధి వ్యాపారుల పేర్లు రాసుకునే సర్వే అని, పక్కన అరటిపండ్లు అమ్మే కురుమయ్య చెప్పేసరికి జీపు వెళ్ళిపోయింది.

యోసేపుతో మాట్లాడిన మర్నాడు కురుమయ్యను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది. మాస్కు ఉన్నా మాలతి గుర్తుపట్టింది.

"ఏమ్మా, పాన్‌గల్ బస్సు ఇంకా రాలేదా?"

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"వచ్చింది మేడం. నేనే ఎక్కలే," అంది బుజ్జమ్మ. "పొయ్యి గుంజుకపోతరని భయపడ్డ. గందుకే అబద్ధమాడిన."

"ఎనిమిదేండ్ల సంది నా పక్కనే రొట్టెలు చేస్తది మేడం," అన్నాడు కురుమయ్య. "ఆ పొగంతా నాకే."

"సాయంత్రం వస్త. పొయ్యి కనబడాలె. ఈసారి దాస్తే మాత్రం రాయను," అంది మాలతి.

ఆ సాయంత్రం జీపు చప్పుడు వినగానే బుజ్జమ్మ చేయి అలవాటుగా సంచి మీదికి పోయింది. వెంటనే వెనక్కి తీసుకుని పిండిముద్ద అందుకుంది. మాలతి తీసిన ఫోటోలో ఆమె రెండు అరచేతులూ తెల్లగా కనిపిస్తాయి.

నెల దాటాక బ్యాంకులో పైసలు పడ్డాయి. జొన్నలు వచ్చాయి, పెద్ద పెనం వచ్చింది. రాలేమని యోసేపే మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పాడు. జొన్నలు పట్టించి గిర్నీ నుంచి పిండి తెచ్చే పని ఇప్పుడు అతనిది. పాన్‌గల్ బస్సు కదిలినప్పుడల్లా "నీ బస్సు పోతుంది సూడు" అని కురుమయ్య అంటూనే ఉంటాడు.

బుజ్జమ్మ రోజుకు వంద రొట్టెలు చేస్తుంది. ఆదివారం చర్చికి పోతుంది కనుక ఆ రోజు పొయ్యి వెలగదు.