బూజు లేని గడ్డి

వేసవి ముదిరితే నోలీన్ గొర్రెలు తాగినట్టు తూలేవి. హాక్స్ బే కొండల్లో ఫిబ్రవరే నడివేసవి; ఆ ఎండకు మాడిన రైగడ్డిని మొదలంటా కొరికి తిన్న గొర్రెలకు తల వణికేది, కాళ్లు కొయ్యబారేవి. అదిలిస్తే రెండడుగులు పరిగెత్తి దబ్బున పడేవి. అక్కడివాళ్లకు తెలిసిన వైద్యం ఒకటే. కుక్కల్ని కట్టేసి, నోరు మూసుకుని, వాటి మానాన వాటిని వదిలేయడం. కాసేపటికి అవే లేచేవి.

నోలీన్‌కు అంత ఓపిక లేదు. ఇరవై రెండేళ్లు పొట్టేళ్లను ఏరి ఏరి దాటించి పెంచుకున్న మంద అది. ఆ ఏడు పదిహేడు తల్లిగొర్రెలు నీళ్లు తాగబోయి, తూలి, గుంటలో పడి చచ్చాయి. వాటిని కాళ్లు పట్టి ఒడ్డుకు లాగి, మొగుడి మీద విరుచుకుపడింది.

"మీ నాన్న చల్లింది గడ్డి కాదు, విషం. దున్నెయ్."

"నలభై ఏళ్లుగా నిలిచిన గడ్డి నోలీన్," అన్నాడు ఆథల్.

"గడ్డి నిలిచిందిలే. పడేది నా గొర్రెలు!"

అప్పుడే ఊళ్లో కొత్త కబురు పాకింది. తూలుడు తెప్పించేది గడ్డి లోపల కంటికి ఆనని ఓ బూజట. అది లేని విత్తనం దొరుకుతోందట. సగం పొలంలో వేసి చూద్దామన్నాడు ఆథల్. ఆమె వినలేదు. మొత్తం దున్నించింది.

రెండేళ్లు ఒక్క గొర్రె పడలేదు. నోలీన్‌కు పట్టపగ్గాల్లేవు. కంచె అవతలి ముసలాయన క్లారీ మంద తూలుతుంటే ఊరుకునేది కాదు.

"మందు కాస్త తక్కువ పొయ్ క్లారీ, పాపం ఇల్లు చేరలేకపోతున్నాయి!"

"పోనీలే అమ్మాయ్, వాటికైనా ఓ సరదా ఉంది."

మూడో ఏడు వానలు లేవు. కాండం తొలిచే పురుగు పడింది. పట్టుకుంటే గడ్డి జుట్టు ఊడినట్టు చేతికొచ్చేసింది. గొర్రెను తూలించే ఆ బూజే పురుగును దగ్గరికి రానివ్వదట. ఈ ముక్క అప్పట్లో విత్తనం అమ్మినవాడికీ తెలియదు, కొన్నదానికీ తెలియదు. ఎవరిని తిట్టాలో తెలియకపోతే ఒళ్లు మరీ మండుతుంది.

క్లారీ గడ్డి ఎండినా నిలిచే ఉంది. నోలీన్ కంచె దాటి వెళ్లి, ఓ నెల మేపుకోనివ్వమని అడిగింది.

"నావాటికే చాలదమ్మాయ్," అన్నాడతను తల దించుకుని. దెప్పుతాడనుకుంది. దెప్పి ఉంటే బాగుండేది.

మార్చిలో కబేళా లారీ వచ్చింది. ఇరవై రెండేళ్ల మంద డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నా, వరసగా లారీ బల్ల ఎక్కింది. డ్రైవరు ముచ్చటపడ్డాడు.

"ఈ నెలంతా ఎక్కడికెళ్లినా గొర్రెల్ని మోసి ఎక్కించడమే. మీవి ఒక్కటీ తూలట్లేదే! ఏం మేపారమ్మా?"

"ఏమీ మేపలేదు," అంది నోలీన్.

డ్రైవరు నవ్వి తలుపు గడియ వేశాడు.